చెంచాలో కొలిచిన నూనె
మా అక్క కొడుకుకు అడ్రినోల్యూకోడిస్ట్రఫీ (అతి పొడవైన కొవ్వు ఆమ్లాలు ఒంట్లో పేరుకుని మెదడును దెబ్బతీసే జన్యు జబ్బు) ఉందని, లక్షణాలేవీ రాకముందే, రక్తపరీక్షలో బయటపడిన రోజు నుంచి లోరెంజో నూనె గురించి దొరికినదల్లా చదువుతున్నాను. 1984లో తమ బిడ్డ లోరెంజోకు ఈ జబ్బని తెలిశాక, వైద్యులు కాని అగస్టో, మికేలా ఒడోన్ దంపతులు పట్టుబట్టి సాధించిన నూనె అది. ఓలియిక్, ఎరూసిక్ అనే కొవ్వు ఆమ్లాల ట్రైగ్లిజరైడ్లను (నూనెల్లో కొవ్వు ఉండే రూపం) 4:1 పాళ్లలో కలిపిన ఆ నూనె, అతి పొడవైన కొవ్వు ఆమ్లాలు శరీరంలో తయారుకాకుండా అడ్డుపడి, రక్తంలో వాటి స్థాయిని కొన్ని వారాల్లోనే దించుతుంది. అయితే మెదడులో తెల్లపదార్థం (నరాల తంతువులుండే భాగం) దెబ్బతినడం మొదలయ్యాక దాన్ని ఆపలేదని తరువాత తేలింది. ఈ రెండో సంగతిని అక్కకు చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. లక్షణాలు లేని పిల్లల్లో ముప్పు తగ్గవచ్చని 2005లో ఈ జబ్బుపై పరిశోధించిన నరాల వైద్యుడు హ్యూగో మోజర్ బృందం ప్రచురించిన అధ్యయనం ఒక్కటే మా ఆశ. నిన్న రాత్రి అక్క చెంచాతో నూనె పట్టించి, వాడి పెదవి అంచున జారిన బొట్టును కొంగుతో తుడిచింది. వచ్చే నెల ఎమ్మారై.