రెండు జాతుల కోళ్ల రక్తాన్ని పోల్చి చూసినప్పటి నా అనుభవం

అసీల్ కోళ్ల రక్తానికీ లెగ్‌హార్న్ కోళ్ల రక్తానికీ ఏపాటి తేడా ఉంటుందో తేల్చాలని పశువైద్య విద్యార్థిగా ఉన్న రోజుల్లో పూనుకున్నాను. నమూనాలు యంత్రానికి ఇచ్చి, వచ్చిన అంకెలను పక్కపక్కన రాసుకుంటే పని అయిపోతుందనుకున్నాను.

మొదటి చిక్కు యంత్రం దగ్గరే ఎదురైంది. మనుషుల ఎర్ర కణాలకు కేంద్రకం ఉండదు, కోళ్ల కణాలకు ఉంటుంది. రంగు వేసిన స్లైడును సూక్ష్మదర్శిని కింద పెడితే ఒక్కో ఎర్ర కణం కోలగా, నడుమ ముదురు ఊదా రంగు చుక్కతో కనిపిస్తుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే థ్రాంబోసైట్లకూ కోళ్లలో కేంద్రకం ఉంటుంది కాబట్టి, మనుషుల రక్తానికని తయారైన యంత్రం వీటిని తెల్ల కణాల్లో కలిపేసి నమ్మశక్యం కాని లెక్క చూపింది. చివరకు నాట్-హెరిక్ ద్రావణంలో రక్తాన్ని 200 రెట్లు పలుచన చేసి, హీమోసైటోమీటర్ అనే గాజు పలక మీది గళ్లలో కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. హిమోగ్లోబిన్ కొలిచేటప్పుడూ చిట్లిన కణాల కేంద్రకాలు ద్రావణాన్ని మసకబార్చి విలువను పెంచి చూపుతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైన తేరిన ద్రవాన్నే చదవాలని కొన్ని నమూనాలు పాడయ్యాక గానీ నాకు తెలిసిరాలేదు.

రక్తం తీయడం నేర్చుకోవడానికీ కొన్ని రోజులు పట్టింది. రెక్క లోపలి వైపు ఈకలను స్పిరిట్‌తో తడిపి పక్కకు ఒత్తితే సిర నీలంగా తేలుతుంది. సూది తీసిన వెంటనే దూదితో నొక్కి పట్టకపోతే చర్మం కింద రక్తం చేరి ఉబ్బిపోతుంది. తొలి రోజు రెండు కోళ్లకు అలాగే జరిగింది, ఆ రాత్రంతా మనసు వాటి మీదే ఉంది.

ఫలితాల్లో అసీల్ కోళ్ల పీసీవీ (రక్తంలో ఎర్ర కణాలు ఆక్రమించే శాతం), హిమోగ్లోబిన్ రెండూ ఎక్కువగా వచ్చాయి. అది జాతి లక్షణమేనని ఉత్సాహంగా రాసి మా గురువుగారికి చూపించాను. ఆయన చదివి, "వీటిలో పుంజులెన్ని, పెట్టలెన్ని?" అని మాత్రం అడిగారు. అసీల్ కోళ్లలో ఎక్కువ పుంజులు, లెగ్‌హార్న్ కోళ్లన్నీ గుడ్లు పెడుతున్న పెట్టలు. పురుష హార్మోన్లు ఎర్ర కణాల ఉత్పత్తిని పెంచుతాయి కనుక ఏ జాతిలోనైనా పుంజుల పీసీవీ సాధారణంగా పెట్టలకన్నా ఎక్కువే ఉంటుంది. పైగా కోళ్లలో 22 నుంచి 35 శాతం దాకా సహజమే కాబట్టి, నా రెండు గుంపులూ ఆరోగ్యకరమైన పరిధిలోనే ఉన్నాయి.

హెటిరోఫిల్, లింఫోసైట్ అనే రెండు రకాల తెల్ల కణాల నిష్పత్తి విషయంలోనూ పొరబడ్డాను. ఈ నిష్పత్తిని ఒత్తిడికి కొలమానంగా వాడవచ్చని గ్రాస్, సీగెల్ అనే పరిశోధకులు 1983లోనే చూపారు. లెగ్‌హార్న్ కోళ్లలో అది ఎక్కువగా కనిపించేసరికి వాటిది బెదురు స్వభావం కనుకనే అనుకున్నాను. నిజానికి వాటిని ముందురోజు సాయంత్రమే పట్టి, మేత లేకుండా బుట్టల్లో ఉంచాం. ఆ కొన్ని గంటల ఒత్తిడే నిష్పత్తిని పెంచడానికి చాలు.

అందుకే మొత్తం పని మళ్లీ మొదలుపెట్టాను. ఒకే వయసు పెట్టలను ఎంచుకుని, కొన్ని వారాలు ఒకే మేత పెట్టి, అన్నింటికీ ఉదయం ఒకే వేళకు, పట్టుకున్న వెంటనే రక్తం తీశాను. ఈసారి రెండు జాతుల అంకెలూ చాలా దగ్గరగా వచ్చాయి. మిగిలిన ఆ కొద్ది తేడానే, ఎన్ని పెట్టల నుంచి తీసినదో, వాటి వయసెంతో పక్కనే రాసి, నివేదికలో పెట్టాను.