రంగమ్మ తొడ ఇచ్చిన రోజు

పొద్దున అయిదున్నరకే ఫోన్ మోగింది. బిడ్డ. అచ్చంపేటలో మాకు బుధవారం తెల్లవారుతుంటే, అక్కడ లూసియానాలో మంగళవారం సాయంత్రం ఆరు. డ్యూటీ నుంచి వచ్చి, తలస్నానం చేశాకే ఫోన్ చేస్తుంది. ఆ వాసన ఫోన్‌లోంచి మాదాకా వస్తుందనుకుంటుందో ఏమో.

"అమ్మా, ఇయ్యాల రంగమ్మ తొడ ఇచ్చింది" అంది. పరీక్ష పాసైనప్పుడు కూడా ఆ గొంతు వినలేదు నేను.

రంగమ్మ అంటే బిడ్డ పనిచేసే కేంద్రంలో ఒక చింపాంజీ. అక్కడ దానికేదో ఇంగ్లీషు పేరుంది. ముడతల ముఖం, కింది పెదవి వేలాడేసుకుని ఓ మూలకు కూర్చోవడం బిడ్డ చెబుతుంటే విని, "అచ్చం మా ఆడబిడ్డ రంగమ్మే" అని మా అత్తమ్మ తేల్చేసింది. అప్పటినుంచి మా ఇంట్లో అదే పేరు. అసలు రంగమ్మ పోయి పన్నెండేళ్ళయింది. ఉంటే ఊరుకునేది కాదు.

తొడ ఇవ్వడమంటే, సూది కోసం తనంతట తానే వచ్చి ఇనుప జాలీకి తొడ ఆనించడం. దీనికి ఎనిమిది నెలలు పట్టింది. మొదట జాలీ దగ్గరికి వచ్చి కూర్చుంటే చాలు, ఒక ద్రాక్షపండు. కొన్నాళ్ళకు తొడ ఆనిస్తే ద్రాక్షపండు. ఆ తర్వాత వేలుతో తాకితే, ఆ తర్వాత సూది లేని సిరంజీ తగిలిస్తే. మధ్యలో లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వాలి, పిలవకూడదు, పండు చూపించి ఆశపెట్టకూడదు. ఒకసారి ఎవరో పొడుగు కర్ర చీపురు పట్టుకుని అటుగా పోయారట, అంతే, మూడు వారాలు జాలీ దగ్గరికే రాలేదు. ఇక్కడికి రాకముందు పరిశోధనల ల్యాబులో ఉన్నన్నాళ్ళూ మత్తుమందు సూదిని తుపాకీతో కొట్టేవాళ్ళు దాన్ని. పొడుగ్గా ఏది కనబడినా అదే అనుకుంటుంది. నిన్న మాత్రం వచ్చింది, కూర్చుంది, తొడ ఆనించింది, ఫ్లూ టీకా వేయించుకుంది. వేసేటప్పుడు ముఖం అటు తిప్పుకుందట, మనలాగే.

నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఏఎన్‌ఎం ఉద్యోగం చేశాను. బుధవారం, శనివారం టీకాల రోజు. రిటైరై మూడేళ్ళవుతున్నా బుధవారం పొద్దున చెయ్యి ఇంకా వ్యాక్సిన్ క్యారియర్ కోసం వెతుకుతుంది. ఎన్ని వేల తొడలు చూసుంటాను! "గట్టిగ పట్టుకో, కదలనియ్యకు" అని తల్లులను గదమాయించడమే తప్ప, ఎవరైనా తొడ ఇచ్చేదాకా ఆగింది లేదు. ఆగితే ఆ ఊళ్ళో టీకాలు అయ్యేవీ కావు, అది వేరే సంగతి. చంటిపిల్లలకు ద్రాక్షపండు ఆశ చూపించలేం కదా.

ఇంకో మాట కూడా అంది బిడ్డ. పుట్టిన 24 గంటల్లోపు పిల్లలకు వేసే హెపటైటిస్ బీ టీకా ఉంది కదా, అది తయారవుతున్న కొత్తలో, 1970లలో, ప్రమాదమా కాదా అని చింపాంజీల మీదే చూశారట. మనుషులకొచ్చే ఆ వైరస్ సోకే జంతువులు చాలా తక్కువ, వాటిలో చింపాంజీ ఒకటి. అందుకని వాటికి వైరస్ ఎక్కించి, రక్తం తీసి, లివర్ ముక్క తీసి చూసేవాళ్ళు. ట్రైనింగులో టీకాలను చల్లగా కాపాడే కోల్డ్ చెయిన్ గురించి, సూది గుచ్చే కోణం గురించి చెప్పారు గానీ ఇది ఎవరూ చెప్పలేదు. చెప్పినా అప్పుడు నోట్సులో రాసుకుని పేజీ తిప్పేదాన్ని.

వాళ్ళ కేంద్రం పేరు చింప్ హేవెన్. అమెరికాలో ప్రభుత్వ పరిశోధనల్లోంచి రిటైరైన చింపాంజీల కోసం 2000లో చట్టం చేశారు, 2005 నుంచి అక్కడికి తేవడం మొదలుపెట్టారు. 200 ఎకరాల అడవి, మూడు వందల దాకా చింపాంజీలు. చట్టం ప్రకారం అక్కడ పిల్లల్ని కననివ్వకూడదు కాబట్టి మగవాటికి వేసెక్టమీ చేస్తారు. ఈ ముక్క వినగానే నాకు మా కుటుంబ నియంత్రణ క్యాంపులు గుర్తొచ్చాయి. మగవాళ్ళను వేసెక్టమీకి ఒప్పించలేక, టార్గెట్ పూర్తికాక, నేను ఏడ్చిన మార్చి నెలలు ఎన్నో.

పేరుకు చింపాంజీల సేవ. నిజానికి సగం రోజు కడగడమే. రాత్రి అవి గూడు కట్టుకుని పడుకున్న గడ్డీ దుప్పట్లూ ఎత్తాలి, పైపుతో నేల కడగాలి, కూరగాయలు కోయాలి, మందులు ఎవరివి వాళ్ళకు జ్యూసులో కలపాలి. ముసలివాటికి గుండె జబ్బులు ఎక్కువట, షుగరున్నవీ ఉన్నాయి. బిడ్డకు జలుబు చేస్తే ఆ రోజు వాటి దగ్గరికి పోనివ్వరు, మన జలుబు వాటిని చంపేయగలదు. మాస్క్ ఎప్పుడూ ఉండాల్సిందే. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. నాలుగేళ్ళయింది చేరి, ఒక్కసారి కూడా లోపలికెళ్ళి ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. ఎప్పుడూ మధ్యలో జాలీ. ఎంత ప్రేమగా ఉన్నా అవి తలచుకుంటే మనిషి చెయ్యి ఊడి వస్తుంది. "మరి నీకు ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలనిపించదా?" అంటే, "దానికి అనిపించాలి గదమ్మా, నాకు గాదు" అంది.

ఎనిమిదింటికి అత్తమ్మ బీపీ గోళీ పంచాయితీ. నాలుక కింద దాచుకుని, నేను వంటింట్లోకి పోగానే కొంగుకు తుడిచేస్తుంది. బిడ్డ చెప్పిన కిటుకు ఇవాళ చేశాను. ముందు గోళీ, మింగిన వెంటనే గోరంత బెల్లం ముక్క. రోజూ అదే వరస, ఒక్క రోజూ మోసం చేయకూడదు. బెల్లం చప్పరిస్తూ అత్తమ్మ నా ముఖంలోకి చూసి, "నన్ను గూడ రంగమ్మను జేసిన్రా?" అంది. దొరికిపోయాను. కానీ నోరు తెరిచి చూపించింది, గోళీ లేదు.

మధ్యాహ్నం డాబా మీద కందులు ఎండబోశాను. వీటి కాపలాకే నా మధ్యాహ్నాలన్నీ పోతున్నాయి. నల్లమల పక్కనే ఉన్నా కోతులకు అడవి అక్కర్లేదు, ఊరే కావాలి. ఉమామహేశ్వరం గుడికి పోయినవాళ్ళు అరటిపండ్లిచ్చి పుణ్యం తెచ్చుకుంటారు, ఆ అలవాటు మా పెరట్లో తేలుతుంది. పక్కింటివాళ్ళు పల్లి చేనుకు కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీ కట్టారు. రెండు రోజులు భయపడ్డాయి, మూడో రోజు దాని మీదెక్కి కూర్చున్నాయి. నేనూ గులేరు పట్టినదాన్నే. కోతి కరిచి సూదులకు వచ్చిన పిల్లల కాళ్ళు చూసిన చేతులివి, జాలి చెప్పడం తేలిక.

ఇవాళ పిట్టగోడ మీదికి ఒక తల్లికోతి వచ్చింది, పొట్టకు పిల్ల. కందులు గుప్పిట్లోకి తీసి, నన్ను చూసి ఆగింది. గులేరు ఒళ్ళోనే ఉంది. దాని కుడి చెవి అంచు చిరిగి ఉందని మొదటిసారి చూశాను. ఇన్నేళ్ళుగా వస్తున్నది ఇదేనో, ఇంకోటో కూడా నాకు తెలియదు. అక్కడ మూడు వందల ముఖాలు బిడ్డకు పేరుపేరునా తెలుసు. రాయి వేయలేదు. "హుష్" అన్నాను. అది ఇంకో గుప్పెడు తీసుకుని మరీ పోయింది. మర్యాద చేసినందుకు నాకు దక్కింది అదీ.

అప్పుడే దిగింది వెనకవాడ వదిన, చేతిలో ఎవరిదో పెండ్లి సంబంధం. "బిడ్డ అమెరికల ఏం జేస్తదని అడుగుతున్నరు, ఏమని చెప్పాలె?" అంది. నాలుగేళ్ళుగా ఈ ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబుంది: "జంతువుల డాక్టర్ల దగ్గర రీసెర్చిల ఉన్నది." రీసెర్చి అంటే ఎవరూ ఇంకేమీ అడగరు. ఇవాళ ఆ మాట నోటికి రాలేదు, పొద్దున విన్న ఆ లివర్ ముక్కల వల్ల కావచ్చు.

"చింపాంజీలను సూసుకుంటది వదినా. కడుగుతది, తినిపిస్తది, మందులిస్తది."

"కోతులనా?"

"కోతులు గావు. వాటికి తోక ఉండదు."

వదిన కాసేపు ఆలోచించింది. "జీతం ఎంత?" అంది. చెప్పాను. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. సంబంధం సంగతి మళ్ళీ ఎత్తలేదు, టీ మాత్రం తాగి పోయింది. బిడ్డకు చెబితే పడీపడీ నవ్వుతుంది.

సాయంత్రం ఆరున్నరకు వాయిస్ మెసేజ్ వచ్చింది, లోపలికి పోయేముందు ఫోన్ లాకర్లో పెట్టేస్తారు కాబట్టి ఆ లోపే పంపింది. వెనక ఎక్కడో హూ హూ అని మొదలై గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, పొద్దున పలకరింపులట. ఇవాళ రంగమ్మ గుంపును ఆరుబయటికి వదులుతారు. తలుపు తీసేముందు లెక్క, మూశాక లెక్క, ఒక్కటి తక్కువైనా ఎవరూ కదలరు. రంగమ్మ వచ్చి ఏడాదైనా ఇంకా గడ్డి మీద నడవదు. సిమెంటు అంచు దాకా వచ్చి, ఒక కాలి వేలు గడ్డికి తాకించి, వెనక్కి తీసుకుంటుంది. నిన్న రెండు వేళ్ళు పెట్టిందట.

కందులు ఎత్తి చాటలో పోశాను. సేరుంబావు తక్కువొచ్చాయి.