మందపాటి పంది చాప్స్ పెనం మీద

ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు సంతల్లో పంది మాంసం అడిగితే తోలు, కొవ్వు, ఎముక కలిపి ముక్కలు కొట్టి ఇచ్చేస్తారు. చాప్స్‌కి అది పనికిరాదు. పొద్దున్నే కత్తి పడకముందే వెళ్లి, వెన్నుపూసని ఆనుకున్న కండని ఎముక తీసి ఒకే ముక్కగా ఇమ్మనండి. కండలో బియ్యపు గింజల్లా తెల్లటి పొక్కులు కనబడితే అవి బద్దెపురుగు తిత్తులు; ఇక బేరమే వద్దు. ఇంటికొచ్చాక పీచుకి అడ్డంగా 3 సెంటీమీటర్ల మందాన కోసుకోవాలి.

ఈ కండలో కొవ్వు తక్కువ, ఉడికేకొద్దీ కరిగే జిగురూ తక్కువే. అందుకే కుక్కర్లో పెడితే జబ్బ ముక్క మెత్తబడుతుంది గానీ ఇది చెక్కలా బిగుసుకుపోతుంది.

లీటరు నీళ్లలో 60 గ్రాముల ఉప్పు, చెంచాడు బెల్లం కరిగించి ముక్కల్ని 2 గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టండి. రాత్రంతా వదిలేస్తే ఉప్పుకషాయమే. తీశాక పొడిగుడ్డతో గట్టిగా అద్దాలి. తొందరపడేది ఇక్కడే. తడి మిగిలితే పెనం వేడంతా దాన్ని ఆవిరి చెయ్యడానికే సరిపోతుంది, ముక్క ఎర్రగా వేగదు. అంచు కొవ్వుకీ దాని కింది తెల్లటి పొరకీ రెండు మూడు గాట్లు పెట్టండి, లేదంటే పొర ముడుచుకుని ముక్క మధ్యలో పైకి లేస్తుంది. పసుపు, మిరియాల పొడి రాస్తే చాలు. అల్లం వెల్లుల్లి ముద్ద ఇప్పుడే పట్టిస్తే మాడి చేదెక్కుతుంది.

దోసెల ఇనప పెనం బాగా కాలాక నూనె వేసి, ముందు కొవ్వు అంచు మీద నిమిషం నిలబెట్టి, తర్వాత పక్కకి 3 నిమిషాల చొప్పున వేయించండి. మంట సన్నం చేసి, రెండు చెంచాల నీళ్లు చల్లి, మూతపెట్టి ఇంకో 6 నిమిషాలు. మధ్యలో ఒకసారి తిప్పాలి.

థర్మామీటర్‌ని పైనుంచి కాదు, పక్కనుంచి నడిమికి గుచ్చండి. 63 డిగ్రీలు, ఆపైన 3 నిమిషాలు కదపకుండా ఉంచితే చాలని అమెరికా వ్యవసాయ శాఖ 2011లో చెప్పింది. ఊళ్లో తిరిగి మేసే పందికి మాత్రం 71 చూశాకే దించాలన్నది నా లెక్క. థర్మామీటర్ లేకపోతే మందమైన ముక్కని కోసి చూడండి, లోపల గులాబీ రంగుంటే మరో 2 నిమిషాలు.

దించాక 5 నిమిషాలు కొయ్యొద్దు, రసమంతా పళ్లెంలోకి కారిపోతుంది. ఈలోగా పెనంలో మిగిలిన కొవ్వులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వెల్లుల్లి వేయించి, పల్చటి చింతపండు రసం పోసి ఒక పొంగు రానిచ్చి, పొయ్యి కట్టేశాకే చెంచాడు ఆవముద్ద కలపండి. ఆవముద్దతో ఒడియావాళ్లు చేసే బేసర కూరలాగే ఘాటుగా ఉంటుంది. ఆవ మంట మీద మరిగితే మాత్రం చేదు.