మామయ్య పాట

పదకొండు దాటింది. ఆయన పడుకున్నారు. నాకే, సాయంత్రం మైకులో విన్న మాట బుర్రలోంచి పోవట్లేదు.

చిన్నది బడి ఫంక్షన్లో బాగానే వేసింది. పరికిణీ కాలికి అడ్డం పడలేదు, కనకాంబరాలు జారలేదు. కానీ డాన్సుకి ముందు మైకు పట్టుకున్నాయన "ఎవరు రాశారో ఎవరికీ తెలియని మన పల్లె జానపదం" అనేశారు. 'మొక్కజొన్న తోటలో' పాటండీ! కొనకళ్ల వెంకటరత్నం గారు రాసింది. 'బంగారిమామ పాటలు' అని పుస్తకమే ఉంది. పిల్లలకి స్టెప్పులు నేర్పడానికి నెల రోజులు పట్టింది, ఒక పేరు కనుక్కోడానికి ఐదు నిమిషాలు దొరకలేదా? చెప్పొద్దామని లేచాను కూడా. "ఇప్పుడెందుకే, కూర్చో" అని ఈయన చెయ్యి పట్టుకుని లాగేశారు. ఆ కోపం రాత్రి అన్నాలప్పుడు కూడా తగ్గలేదు.

అసలు నాకీ పాట అమ్మమ్మ దగ్గర వచ్చింది. లంకలో వాళ్లింటి అరుగు మీద కొబ్బరాకులు ఒళ్లో వేసుకుని ఈనెలు తీసేది. కత్తి ఆకు మొదట్లో పెట్టి సర్రున లాగుతూ పాడేది. 'మామయ్యా' దగ్గరికొచ్చేసరికి ఈనె చివరిదాకా వచ్చేది, రాగమూ అంత పొడుగూ సాగేది. కాలవగట్టు మీద తాతయ్య సైకిల్ బెల్లు వినిపిస్తే చాలు, పాట టక్కున ఆగిపోయేది. చెయ్యి మాత్రం ఆగేది కాదు. ముసిముసిగా నవ్వుకునేది.

అమ్మమ్మే కట్టిందనుకున్నాను. ఓ రోజు రేడియోలో సుశీల గారి గొంతులో వినపడితే, మా పాట ఎవరో ఎత్తుకుపోయినట్టు ఏడుపొచ్చింది. 1969లో 'అదృష్టవంతులు' సినిమాకి ఆవిడ పాడారని తర్వాతెప్పుడో తెలిసింది.

ఇప్పుడాలోచిస్తే, ఆవిడ పాడకపోతే ఈ పాట మా అరుగు దాకా వచ్చేదా? అమ్మమ్మకి చదువు రాదు, పుస్తకం ఇచ్చినా చదవలేదు. 'మా తెలుగు తల్లికి' సంగతీ అంతేగా. తిరుపతిలో శంకరంబాడి సుందరాచారి గారు సినిమాకని రాస్తే వాళ్లు వాడుకోలేదు. మన రాజమండ్రిలో పుట్టిన టంగుటూరి సూర్యకుమారి గారు రికార్డుకి పాడారు, ఊరూరా పాకింది. పాడినవాళ్ల రుణం తక్కువేం కాదు. పైగా, రాసిన పాటని జనం తమదే అనుకుంటే కవికి అంతకన్నా ఏం కావాలి? మైకాయన మీద అనవసరంగా మండిపడ్డానేమో.

లేదు. కవికి ఏం కావాలో నేనెవర్ని చెప్పడానికి? తెలిసిన పేరు చెప్పాల్సిందే.

ఇందాక ట్రంకుపెట్టెలోంచి నా పాత పాటల నోట్సు తీశాను. ఆ పేజీ పైన ఆరో తరగతి అక్షరాల్లో 'అమ్మమ్మ పాట' అని ఉంది. కొట్టేద్దామని పెన్ను పట్టుకున్నాను, చెయ్యి రాలేదు. పక్కన కొనకళ్ల వెంకటరత్నం అని రాశాను. ఇంకు ఆరాలని పేజీ తెరిచే ఉంచాను.

రేపు చిన్నదాన్ని బడిలో దింపేటప్పుడు ఆ మైకాయన కనిపిస్తే చెప్తాను. నెమ్మదిగానే చెప్తాను.