అమ్మా, అది అప్పుడు బతికుందా?

1996లో నేను బీఎస్సీ జువాలజీ. ప్రాక్టికల్స్ రోజు అటెండర్ తడి గోనెసంచిలో కప్పలు తెచ్చేవాడు. ఒకసారి క్లోరోఫాం సరిగా ఎక్కని కప్ప, మైనం ట్రేలో కాళ్లకు పిన్నులు గుచ్చాక కదిలింది. "త్వరగా కానివ్వమ్మా" అన్నారు మేడమ్. కానిచ్చాను. రికార్డులో బొమ్మకు పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. ఆ కదలిక మాత్రం ఇప్పటికీ నా వేళ్లకు తెలుస్తూనే ఉంటుంది.

అందుకేనేమో, హెన్రీ స్పైరా గురించి చదివిన రాత్రి నిద్రపట్టలేదు. ఆయన న్యూయార్క్‌లో హైస్కూల్ టీచర్. అందం కోసం ఎన్ని కుందేళ్ల కళ్లు పోగొడుతున్నారని 1980లో పేపర్లో పూర్తి పేజీ ప్రకటనతో రెవ్లాన్ అనే కాస్మెటిక్స్ కంపెనీని అడిగారు. డ్రెయిజ్ అనే ఆ కంటి పరీక్షలో కుందేలును కదలకుండా బిగించి, కంట్లో రసాయనం వేసి, ఎంత ఎర్రబడిందో, ఎక్కడ పుండు పడిందో రోజుల తరబడి చూస్తారు. కుందేలుకు తుడుచుకునే వీలు కూడా ఉండదు. స్పైరా తిట్టి ఊరుకోలేదు, వేరే పద్ధతులు వెతకడానికి డబ్బు పెట్టమన్నారు. ఆ ఏడాది చివర్లోనే రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీకి 7,50,000 డాలర్లు ఇస్తామని రెవ్లాన్ ప్రకటించింది. నాకు బాగా నచ్చింది ఈ పట్టుదలే.

మన దేశంలో కాస్మెటిక్స్‌ను జంతువులపై పరీక్షించడాన్ని 2014లో నిషేధించారు. జువాలజీ తరగతుల్లో కోతలు ఆపమని యూజీసీ చెప్పిందీ ఆ ఏడాదే.

మా అమ్మాయి కప్ప గుండెను కంప్యూటర్ తెర మీదే నేర్చుకుంది. మొన్న నా పాత రికార్డు తిరగేస్తూ, "అమ్మా, అది అప్పుడు బతికుందా?" అని అడిగింది.

బతికే ఉందని చెప్పాను.