వేళాంగణి దారిలో పూటపూటా ఆత్మశోధన

ఆగస్టు 29న తమిళనాడులోని వేళాంగణి మరియమాత గుడిలో పండగ జెండా ఎక్కుతుంది. సెప్టెంబరు 8 మరియమాత పుట్టిన పండగ. ఆ రోజుకు అందుకోవాలని తిరుపతి నుంచి కాషాయం కట్టి నడిచే మా గుంపు చంద్రగిరి, పూతలపట్టు, చిత్తూరు మీదుగా పోయి వేలూరు దగ్గర తమిళదేశంలో దిగుతుంది. తిరుమలకు నడిచే తమిళ భక్తులు అప్పుడప్పుడూ గోవిందనామాలతో ఎదురొస్తారు. మజ్జిగ పందిరి కింద మేమూ వాళ్లూ ఒకే బల్ల మీద కూర్చుని అరికాళ్ల బొబ్బలు చూసుకుంటాం.

జోళ్లు, బసల సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ముఖ్యమనిపించేది ఆత్మశోధన. కాళ్లు నడిస్తే చాలు, మనసు దానంతటదే కడిగినట్టవుతుందని చాలామంది అనుకుంటారు. అవదు. చేతిలో జపమాల తిరుగుతూనే ఉంటుంది, లోపల తోడికోడలితో గొడవ నడుస్తూనే ఉంటుంది.

ఆత్మశోధన పద్ధతి యేసుసభను స్థాపించిన పునీత లొయోలా ఇగ్నేషియస్ గారిది. 1521లో స్పెయిన్ దేశపు పాంప్లోనాలో యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఆయన ఒకటి గమనించారు. రాచకొలువు వైభవాల ఊహలు కాసేపు రుచించి, పోయాక మనసును ఎండగడుతున్నాయి. పునీతుల్లా బతకాలన్న ఊహలు పోయాక కూడా సంతోషం మిగులుస్తున్నాయి. లోపలి కదలికల్లో ఏది దేవుడి నుంచి వచ్చిందో, ఏది కాదో గుర్తుపట్టడమే ఆయన నేర్పిన ఆత్మ వివేచన, దానికి మొదలు ఇదే.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకసారి, రాత్రి ఒకసారి, పది పదిహేను నిమిషాలు చేస్తాం. ముందు కృతజ్ఞత. ‘అన్నిటికీ స్తోత్రం’ అంటే చాలదు. పేరు పెట్టి చెప్పాలి: కాశిపెంట్ల దగ్గర చెనక్కాయలు పెట్టిన అవ్వ, పొద్దుటి మబ్బు. తర్వాత, నన్ను నేను సరిగా చూసుకునే వెలుగు ఇమ్మని అడగడం. మూడోది, లేచినప్పటి నుంచి గంట గంటా తలపు, మాట, చేత వరసగా చూసుకోవడం. నాలుగు, క్షమాపణ. అయిదు, రేపటికి ఒక దిద్దుబాటు. పరలోక జపంతో ముగింపు.

చెడేదెక్కువ మొదటి అంచె దగ్గరే. కృతజ్ఞత దాటేసి తిన్నగా తప్పుల చిట్టాలోకి దిగితే రెండు పూటల్లో విసుగొస్తుంది. ఇంకొందరు సొంత లెక్క వదిలేసి పక్కవాళ్ల లెక్క తీస్తారు. రాత్రి పూట గోడకు ఆనుకుంటే నిద్ర ఖాయం, అందుకే దాన్ని భోజనానికి ముందుకు జరిపాం. పాపం చేశానేమో అన్న అనుమానం ఎక్కువున్నవాళ్లు చెప్పిందే చెప్పి, తవ్విందే తవ్వుతుంటారు. ఇగ్నేషియస్ గారే మన్రేసా అనే ఊళ్లో ఉన్నప్పుడు ఆ బాధ పడ్డారు. అలాంటివాళ్లు టైము కాగానే లేచిపోవాలి, మిగతాది ఫాదర్ గారితో మాట్లాడుకోవాలి. ఇది పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, బదులు కాదని కొత్తవాళ్లకు ముందే చెబుతాం.

ఒకే తప్పు మీద పట్టు సాధించాలంటే విడిగా ఇంకో లెక్కుంది. రోజుకు రెండు గీతలు గీసి, మధ్యాహ్నం వరకు ఎన్నిసార్లు జారామో పై గీత మీద అన్ని చుక్కలు, ఆ తర్వాత జారినవి కింది గీత మీద పెట్టాలి. జారినప్పుడల్లా ఎవరికీ తెలియకుండా గుండె మీద చెయ్యి పెట్టుకోవాలి. చుక్కలు సున్నా అయ్యాయా అని చూడం, నిన్నటికంటే ఇవాళ తగ్గాయా అని చూస్తాం.

వేలూరు దగ్గర ఎవరో ఒకరు కూలబడతారు. “అక్కా, నేనింక రాలేను, కాట్పాడిలో రైలెక్కి పోతా” అంటారు. “ముందు ఉప్పేసి మజ్జిగ తాగు నాయనా, సాయంత్రం మాట్లాడుకుందాం” అంటుంది గుంపు పెద్దక్క. ఎండదెబ్బకూ ఆత్మలోని ఎండుదనానికీ తేడా తేలేది అక్కడే. మజ్జిగతో, ఒక కునుకుతో పోతే అది ఒళ్లు. పొక్కులు చీముపట్టినా, జ్వరమొచ్చినా వివేచన పక్కనపెట్టి ఆసుపత్రికి పంపిస్తాం. ఒళ్లు బాగుండి కూడా ప్రార్థన చప్పగా, దేవుడు దూరంగా అనిపిస్తే అప్పుడు ఇగ్నేషియస్ గారి సూత్రం: ఆ స్థితిలో ముందు చేసుకున్న తీర్మానం మార్చకూడదు, ప్రార్థన ఇంకాస్త పెంచాలి. కారణం మన అశ్రద్ధ కావచ్చు, దేవుడు పెట్టిన పరీక్ష కావచ్చు, ఓదార్పు మన సంపాదన కాదని నేర్పడం కావచ్చు.

ఎవరూ అనుకోని ప్రమాదం వేళాంగణి చేరాకే. గుడి శిఖరాలు కనపడగానే కళ్లు చెమరుస్తాయి, మొక్కులు పొంగుతాయి. ఉద్యోగం వదిలేస్తానని ఒకరు, గురువుల మఠంలో చేరతానని ఇంకొకరు. ఉత్సాహం పొంగుతున్నవాళ్లు తొందరపడి మొక్కు కట్టుకోకుండా చూడమని ఇగ్నేషియస్ గారు ధ్యానం నడిపించేవాళ్లను హెచ్చరించారు. తలనీలాలకు మేం అడ్డు చెప్పం. జీవితం మారే మొక్కయితే కాగితం మీద నాలుగు నిలువు గళ్లు గీయమంటాం: చేస్తే లాభం, చేస్తే నష్టం, చేయకపోతే లాభం, చేయకపోతే నష్టం. ముక్కూ మొహం తెలియనివాడు ఇదే అడిగితే ఏం చెబుతావు, చావు ఘడియలో ఏది చేసి ఉంటే బాగుండుననుకుంటావు, అని కూడా రాయించి, ఇంటికెళ్లాక మామూలు రోజుల్లో మళ్లీ చూసుకుని ఫాదర్ గారికి చూపించమంటాం. ఎవరికీ చెప్పబుద్ధి కాని తీర్మానమైతే ఇంకా ముందు చూపించాలి. శత్రువు, అంటే సైతాను, కోరేది ఆ గుట్టే అన్నారు ఇగ్నేషియస్ గారు.

తాగుడు మానేయాలా వద్దా అని ఒకాయన గళ్లు గీయబోతే పెద్దక్క కాగితం లాక్కుంది. మంచికీ మంచికీ మధ్య ఎంచుకోవడానికే ఈ గళ్లు. తాగుడు ఆ లెక్కలోకి రాదు.