మధ్యాహ్నం నాలుగింటి బారోమీటరు

సెకండ్ ఆఫీసర్‌గా ప్రమోషన్ వచ్చాక నేనెక్కిన మొదటి ఓడ ఒక బల్క్ క్యారియర్. సింగపూర్ నుంచి విశాఖపట్నం రావాలి. సుమారు 1,600 నాటికల్ మైళ్లు, మా 12 నాట్ల (గంటకి 12 నాటికల్ మైళ్ల) వేగానికి అయిదున్నర రోజులు. అక్టోబరు నెల. మాది భీమిలి కాబట్టి ఇంటికి దగ్గరగా వెళ్తున్నానన్న సంతోషం ఒకటి, బంగాళాఖాతంలో ఇది తుపాన్ల కాలం కదా అన్న గుబులు ఒకటి.

అంతకుముందు రెండు కాంట్రాక్టులూ నార్త్ సీ, బాల్టిక్ వైపే చేశాను. అక్కడ నాలుగు గంటల్లో బారోమీటరు, అంటే గాలి ఒత్తిడి కొలిచే సాధనం, రెండు మిల్లీబార్లు దిగిందంటే ఏదో వస్తున్నట్టే లెక్క. ఆ అలవాటే నా కొంప ముంచింది.

సెకండ్ ఆఫీసర్ వాచ్ (ఓడని చూసుకునే డ్యూటీ) పన్నెండు నుంచి నాలుగు. పగలూ అంతే, రాత్రీ అంతే. మొదటి రోజు మలక్కా జలసంధిలో మధ్యాహ్నం పన్నెండుకి 1011.0 ఉంది. రెండింటికి 1009.8. నాలుగు కావొస్తుంటే 1008.7. ఆకాశం చూస్తే మామూలుగానే ఉంది, సుమత్రా వైపు కాస్త మబ్బు. అయినా మనసు ఆగలేదు. కెప్టెన్ క్యాబిన్‌కి ఫోన్ చేసి లేపేశాను.

ఆయన తూత్తుకుడి మనిషి, ముప్పై ఏళ్ల సర్వీసు. లుంగీ మీదే బ్రిడ్జికి (ఓడని నడిపే గదికి) వచ్చారు. బారోమీటరు వైపు చూడనైనా చూడలేదు.

"నిన్న నాలుగింటికి ఎంతుంది?"

లాగ్ బుక్ తిప్పాను. 1008.9.

"ఇవాళ పొద్దున పదింటికి?"

1011.8.

"మరి నన్నెందుకు లేపావయ్యా?" అని మూల నున్న పాతకాలపు బారోగ్రాఫ్ దగ్గరికి తీసుకెళ్లారు. డ్రమ్ముకి చుట్టిన కాగితం మీద వారం రోజుల గీత. రోజుకి రెండు మూపురాలు, రెండు గుంటలు. పదింటికి పైకి, నాలుగింటికి కిందికి. రాత్రి మళ్లీ పదింటికి పైకి, తెల్లవారుజామున నాలుగింటికి కిందికి. ఎండ వేడికి వాతావరణం మొత్తం రోజుకి రెండుసార్లు ఇలా ఊగుతుందట. ఉష్ణమండలంలో ఇది కంటికి బాగా కనిపిస్తుంది. పైన చలి ప్రాంతాల్లో వచ్చిపోయే అల్పపీడనాల గందరగోళంలో కలిసిపోతుంది. పరీక్షకి చదివిందే, రాసిందే. కానీ చూడటం అదే మొదటిసారి. ఇంకో సంగతి అప్పుడే తట్టింది. నా వాచ్ టైమే అలాంటిది! పన్నెండు నుంచి నాలుగు వరకు నిలబడే మనిషికి బారోమీటరు పడటం తప్ప లేవడం కనిపించదు.

ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో ఒక పట్టిక గీసుకున్నాను. గంట క్రితం ఎంత అన్నది కాదు, నిన్న ఇదే గంటకి ఎంత అన్నది. ఉష్ణమండల సముద్రంలో గంటని బట్టి వచ్చే ఈ ఊగుని సవరించాక కూడా మామూలు కన్నా మూడు మిల్లీబార్లు తక్కువుంటే తుపానుని అనుమానించాలి. అయిదు తక్కువుంటే అనుమానం అక్కర్లేదు.

రెండో రోజు రాత్రి జలసంధిలో ఒక 'సుమత్రా' మా మీదుగా పోయింది. అక్కడి ఈదురుగాలికి ఆ పేరు. రాడార్ తెర సగం పచ్చగా నిండిపోయి, ఎదురుగా ఉన్న ఓడలు వానలో మాయమైపోయాయి. అరగంటలో అంతా సద్దుమణిగింది. మూడో రోజు గ్రేట్ నికోబార్‌కి దక్షిణంగా దాటి బయటపడ్డాం. ఆ మధ్యాహ్నం నాలుగింటికి నా పట్టికలో మామూలుతో తేడా 1.3. ఉపగ్రహం ద్వారా సందేశాలు అందుకునే ఇన్‌మార్‌శాట్ సి ప్రింటర్ లోంచి భారత వాతావరణ శాఖ బులెటిన్ వచ్చింది: ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం.

నాలుగో రోజు మధ్యాహ్నానికి అది వాయుగుండం. నా తేడా 3.4. వాయువ్యం నుంచి పొడవాటి అలలు మొదలయ్యాయి. గాలి నైరుతి నుంచి 25 నాట్లు. (గాలి మీటరు చూపేదాంట్లో ఓడ వేగం కూడా కలిసి ఉంటుంది, అది తీసేశాక వచ్చిన లెక్క ఇది.) ఉత్తరార్ధగోళంలో గాలికి ఎదురుగా నిలబడితే అల్పపీడన కేంద్రం కుడిచేతి వైపు, కాస్త వెనక్కి ఉంటుంది. బ్రిడ్జి పక్కన బయటికి ఉండే వింగ్ మీద నైరుతికి ముఖం పెట్టి కుడిచేయి చాపాను. చేయి తిన్నగా విశాఖపట్నం దారినే చూపించింది.

నాలుగింటికి 1004.0. మామూలు కన్నా 4.8 తక్కువ. ఈసారి నేను ఫోన్ చేసే లోపే కెప్టెన్ వచ్చేశారు.

చార్ట్ మీద ఇద్దరం వలయాలు గీశాం. కేంద్రం నుంచి 34 నాట్ల గాలి వీచే దూరానికి 24 గంటల అంచనాకైతే 100 మైళ్లు, 48 గంటలకైతే 200, 72 గంటలకైతే 300 కలపాలి. ఆ వలయంలోకి ఓడ పోకూడదు. కేంద్రం మా ముందు 200 మైళ్ల దూరంలో ఉంది, వాయువ్యంగానే కదులుతోంది, మాకన్నా నెమ్మదిగా. అంటే అది మన మీదకి రావడం లేదు, మనమే వెళ్లి దాన్ని పట్టుకోబోతున్నాం. ఆరు నాట్లకి తగ్గించమన్నారు.

ఓడని అద్దెకి తీసుకున్నవాళ్ల నుంచి మెయిల్: వేగం ఎందుకు తగ్గింది, రేవులో బెర్తు పోతుంది. కెప్టెన్ ఒక్క లైను జవాబు రాయించారు. ఓడ భద్రత విషయంలో కెప్టెన్ నిర్ణయానికి ఎవరూ అడ్డు రాకూడదని సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకి అంతర్జాతీయ ఒప్పందం) అయిదో అధ్యాయంలోనే ఉంది. కానీ ఆ లైను టైపు చేసేటప్పుడు నా చేతులు చెమట పట్టాయి, ఆయనవి కాదు.

ఆ రాత్రి పదింటికి లేవాల్సిన మూపురం లేవలేదు. 1005.3 దగ్గరే ఆగిపోయింది. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. పడటం కన్నా లేవకపోవడం ఘోరంగా ఉంది. ఓడ ఇటు ఇరవై, అటు ఇరవై డిగ్రీలు ఒరిగిపోతోంది. వంటాయన సాంబారు మానేసి రెండు రోజులూ పులిహోర, పెరుగన్నం మీదే నడిపించాడు. అమ్మ వాట్సాప్: "మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారట, మీ చిన్నాన్న వేటకి వెళ్లలేదు, నువ్వెక్కడున్నావు?" వెనకే ఉన్నామని రాశాను. దేని వెనక అని అడిగింది. తుపాను వెనక అంటే ఇంకా కంగారు పడుతుందని బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను.

మర్నాటికి అది తుపానుగా మారి ముందుకు జరిగింది. గాలి దక్షిణానికి తిరిగింది. నా తేడా 4.8 నుంచి 4.1, తర్వాత 2.9. అది తీరం దాటాక మళ్లీ 12 నాట్లు.

ఒకటిన్నర రోజు ఆలస్యంగా విశాఖ యాంకరేజిలో లంగరు వేశాం. డాల్ఫిన్స్ నోస్ కొండ కడిగినట్టుంది. నాలుగింటికి లాగ్ బుక్‌లో 1009.0 రాశాను. పన్నెండుకి 1011.2 ఉంది. నిన్న నాలుగింటికి 1007.3.

కెప్టెన్‌ని లేపలేదు.